దేముడమ్మ ఇంట మోగని ఫోను

జోడుగెడ్డవలస,
కార్తీక మాసం, సోమవారం.

చిరంజీవి గిరిబాబుకు, అమ్మ గురమ్మ తల నిమిరి చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమమని ముందుగా రాయాలట, నేను చెప్పకుండానే నీ పెళ్లాం ఈశ్వరి రాసేసింది. ఉండనీ. మూడు పూటలా పొయ్యి వెలుగుతోంది, పొద్దు వాలకముందే గొళ్లేలు పడుతున్నాయి, ఆ మేరకు క్షేమమే. నువ్వు ఆ మంచుకొండ మీద, ఫోను పలకని చోట, కాళ్లకు రెండు జతల మేజోళ్లు వేసుకుంటున్నావని నమ్ముతున్నాను. వేసుకోకపోతే సెలవుకి వచ్చాక చెబుతాను నీ పని.

నా మాటలను ఈశ్వరి తన చదువుకున్న తెలుగులోకి సర్దుకుని రాస్తోంది. సర్దుకోనీ. ఎవరు ఏమన్నారో ఆ మాటలు మాత్రం అన్నవి అన్నట్టే దించమన్నాను.

నీ పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబు చెబుతాను. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది, మెట్లెక్కితే గొడవ పెడుతుంది, దిగితే ఊరుకుంటుంది. నీ కూతురు చిన్నతల్లికి ముందు పళ్లు ఊడాయి, నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. పెరటి రేకులు మార్పించాం. వరి పాలు పోసుకుంది. కంకి ఈసారి బరువుగా ఉంది. నువ్వు దగ్గరుంటే సంతోషంగా చెప్పే మాట అది. ఇప్పుడు ఆ కంకి బరువే మాకు భయం. ఆ పాల వాసనకి ఏనుగులు ఎంత దూరం నుంచైనా వస్తాయంటున్నారు.

ఇక నువ్వు ఆఖరున రాసిన సంగతి. మన వైపు నుంచి సెలవు ముగించుకుని మీ పటాలానికి వచ్చిన కుర్రాడెవరో నీకు చెప్పాడట. దేముడమ్మ పిన్నిని ఏనుగు పడేసిందనీ, ఊరందరికీ ఫోను చేసే ఈశ్వరి మిషను ఆవిడ ఒక్కర్తికే చెయ్యలేదనీ. "ఊరి నింద మనకెందుకమ్మా, ఆ పని ఆపేసి లాప్‌టాప్ మూసి పెట్టమను" అని రాశావు. ఆ ముక్క చదివేటప్పుడు ఈశ్వరి గొంతు ఏ మాత్రం మారలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. చదివి, మడిచి, "ఆయనన్నది నిజవే అత్తా. ఆదివారం నాడు ఊరోల్లకి సెప్పీసి ఆపేత్తాను" అంది.

ఆపకూడదు నాయనా. ఏనుగులు ఇంకా ఇక్కడే ఉన్నాయి. నీ పిన్ని పడిన తరువాత కూడా ఆ ఫోను మోగబట్టి ఇంట్లోనే ఉండిపోయి బతికినవాళ్లు ఉన్నారు. ఈశ్వరి ఆపితే, వరి కోతలయ్యేలోగా ఇంకెవరి కొంప మునుగుతుందో అని నాకు కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే నిద్ర లేదు. అందుకే నా వాదన మొత్తం నీ ముందు పెడుతున్నాను. పూర్తిగా విన్నాక ఏం రాయాలో నువ్వే ఆలోచించుకో.

ఆ గుంపు ఎలాంటిదో నీకు తెలియదు. నువ్వు వెళ్లేనాటికి అవి ఇంకా ఒడిశా కొండల అంచునే తిరుగుతున్నాయి. ఇప్పుడు గెడ్డ నీళ్లు దాటి, మన కళ్లాల దాకా వచ్చేశాయి. వాటికి చప్పుడుండదు. అంత ఒళ్లేసుకుని పిల్లి నడిచినట్టు నడుస్తాయి. ముందు తడిసిన గోనెసంచి వాసన లాంటిది వస్తుంది. తరువాత ఎక్కడో అరటిబోదె విరిగిన చప్పుడు. అది విన్నాక అవి ఎటున్నాయో, ఎంత దగ్గరున్నాయో ఎవరూ చెప్పలేరు. సారా కాచేవాళ్లు కాయడం మానేశారు, ఇప్పపువ్వు వాసన పడితే గోడలు తోసుకుని వస్తాయని. బెల్లం ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాం. సాయంత్రమైతే పెరటివైపు ఆడవాళ్లం ఇద్దరిద్దరం కలిసి తప్ప వెళ్లడం లేదు.

ఏనుగుల వెంట తిరిగి అవి ఎక్కడున్నాయో కనిపెట్టి ఉండే కుర్రాడు ఒకడున్నాడు, దేవేంద్ర అని, అటవీ శాఖవాళ్లు పెట్టుకున్నారు. గుంపు కదిలినప్పుడల్లా వాడు ఫోన్లో రాసి పంపిస్తాడు. కానీ ఊళ్లో సగం మందికి ఆ రాతలొచ్చే ఫోన్లు లేవు. ఉన్నవాళ్లలో నాలాంటి వాళ్లకు చదువు రాదు. ఈశ్వరికి అక్కడ పుట్టింది ఆలోచన. దేవేంద్ర రాసింది చూసుకుని, ఏ పక్క ఇళ్లకు ప్రమాదమో ఆ ఇళ్లకు నోటి మాటగా ఫోను వెళ్లాలి.

తను బొబ్బిలిలో చదివింది లెక్కల డిగ్రీ. సాఫ్టువేరు చదవలేదు కదా, ఎలా చేస్తావే అన్నాను. "కోడు నాను రాయక్కర్నేదు అత్తా. ఏఐ ఏజెంట్లని ఉన్నాయి. మనకేటి కావాలో తెలుగులో సెప్తే అవే రాస్తాయి. సరిగ్గా సెప్పడం నేర్సుకోవాలి, అదే మన పని" అంది. నాట్లకి మనుషుల్ని పెట్టుకుని పని చెప్పినట్టా అని అడిగితే, రమారమి అంతే అంది. ఇంకేం, ఊళ్లో నాట్ల గుంపులన్నీ నడిపినదాన్ని, చాప వేసుకుని పక్కన కూర్చున్నాను.

మొదట్లో నవ్వులాటగా ఉండేది. "ఏనుగుల మాట వస్తే అందరికీ ఫోను చెయ్యి" అని ఈశ్వరి చెప్పింది. ఆ రోజు దేవేంద్ర "ఇవాళ ఏనుగులు లేవు" అని రాశాడు. ఏనుగుల మాట వచ్చింది కదా, ఊరందరికీ ఫోన్లు మోగాయి. మన వీధి జగ్గమ్మ కుండ పారేసి అటకెక్కింది, దింపడానికి ఇద్దరు మగవాళ్లు కావలసొచ్చారు. తరువాత నుంచి ఈశ్వరి పద్ధతి మార్చింది. ఒక ఏజెంటు రాస్తుంది, ఇంకొకటి దాని పని తప్పు పడుతుంది, మరొకటి దొంగ కబుర్లు పంపి మోసపోతుందో లేదో చూస్తుంది. ఆ దొంగ కబుర్లు నేనే చెప్పేదాన్ని. తాగినవాడు ఎలా చెబుతాడు, భయంతో నాలుక తడబడినవాడు ఎలా చెబుతాడు, అన్నీ చేసి చూపించాను. చిన్నతల్లి పొట్ట పట్టుకుని నవ్వేది.

ఫోన్లో మాట్లాడే గొంతు మొదట పట్నం ఆడపిల్లది పెట్టింది. "దయచేసి అప్రమత్తంగా ఉండగలరు" అనేది. జనం పెట్టేసేవారు. "బేంకోల్లేమో అనుకున్నానొలే" అన్నారు అడిగితే. అప్పుడు ఈశ్వరి నా గొంతు ఫోన్లో పట్టింది. ఒక్కో చోటు పేరు చెప్పి, "ఒరే, గుమ్మం దాటకండి. ఏనుగులు జీడితోట కాడున్నాయి. ఎవులైనా బయటికొచ్చినారో, ఏనుగు వొగ్గీసినా నానొగ్గను" అన్నాను. అంతే. ఊరు తలుపులేసుకుంది. నా నోరు ఇన్నాళ్లకు ఊరికి పనికొచ్చిందని జగ్గమ్మే అంది, ఎగతాళిగానో మెచ్చుకోలుగానో.

మీ పిన్ని పడింది దీపావళి ముందు. పొద్దు వాలుతోంది. గుంపు గెడ్డ దాటి జీడితోట వైపు తిరిగిందని దేవేంద్ర పంపాడు. వీధి పొడవునా ఒకదాని వెంట ఒకటి ఫోన్లు మోగాయి, ప్రతి ఇంట్లోనూ నా గొంతే. దేముడమ్మ ఇల్లు ఆ జీడితోటను ఆనుకునే ఉంది కదా. ఆవిడ ఫోను మోగలేదు. ఆవిడ ఆవుదూడను తోలుకు రావడానికి వెళ్లింది. చెట్ల మధ్య నల్లగా ఉన్నది నీడ అనుకుందట. ఏనుగు తొండంతో పక్కకి విసిరేసింది. ఆవిడ కాలవలో పడింది కాబట్టి అది తొక్కలేకపోయింది. తొడ ఎముక విరిగింది, పక్క ఎముకలు నలిగాయి. పార్వతీపురం పెద్దాసుపత్రిలో కాలికి కడ్డీ వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. మడిలో వంగి పని చేయడం ఇక ఉండదన్నారు.

ఈశ్వరి వంతు ఒకరోజు, నా వంతు ఒకరోజు, ఆసుపత్రిలో ఉంటున్నాం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, వరసకి నా చెల్లెలే కదా, దేముడమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అప్పా, అందరి కాడా నీ తిట్లు మోగినాయంట. నాకు రానేదు. నువ్వు తిట్టనేదు గదా, ఏటీ నేదులే అనుకుని ఎల్లిపోనాను" అంది. నిష్ఠూరంగా అనలేదు. దారిలో బస్సు తప్పిపోయిందన్నట్టు అంది. నేను కిటికీ వైపు తిరిగి, ఫ్లాస్కు మూత తీస్తూ వేస్తూ నిలబడ్డాను.

అప్పటి నుంచి ఈశ్వరి మనిషి కాదు. ఆ నంబరుకి ఎందుకు ఫోను వెళ్లలేదని ఏజెంటుని అడిగింది. "ఆ నంబరు తీసేయమని మీరే చెప్పారు, అందుకే తీసేశాను" అంది అది. తారీఖుతో సహా చూపించింది. ఈశ్వరికి అలా అన్నట్టు గుర్తు లేదు. తిరగేసి మరగేసి అడిగింది. ప్రతిసారీ మర్యాదగా అదే జవాబు. "నానే అన్నానంట అత్తా. నా ఫోన్లోంచే వెల్లింది. నాకు గుర్తు నేదు. పనిలో పడి ఏటేటో అనేత్తన్నానేమో. నాకు మతి పోతన్నాదేమో" అని ఇల్లంతా తిరిగింది. పొయ్యి మీద పాలు పెట్టి, పెట్టానా లేదా అని మూడుసార్లు చూసుకుంటోంది. చిన్నతల్లికి మందు పోసి, పోశానా అని పిల్లనే అడుగుతోంది. తన మాట మీద తనకే నమ్మకం పోయింది.

పైగా ఊరు. బోరింగు దగ్గర జగ్గమ్మ ముఖం మీదే అంది, "ఊరికినే పోద్దేటి నంబరు. కసి పెట్టుకుని తీసీసినాది" అని. ఈశ్వరి ఇంటికొచ్చి, "నాకు పిన్ని మీద కసేటత్తా, ఆవిడ నన్నేటన్నాదని" అని నన్నడిగింది. నేను బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఈశ్వరీ, నేను చెప్పబోయేది ఆపకుండా రాయి. అర్థం చేసుకుంటూ రాయకు, ఊరికే రాయి.

గిరిబాబూ, ఆ నంబరు తీసేయమన్నది నీ పెళ్లాం కాదు. నేను.

దసరా ముందు ఒక మధ్యాహ్నం రేషను డిపో దగ్గర నిలబడ్డాం. దేముడమ్మ నలుగురిలో అంది, "మొగుడు మంచుకొండల్లో, ఇది గదిలో తలుపేసుకుని ఫోన్లో మాటలు. ఏనుగులంట. ఏ ఏనుగో ఎవులికి తెలుసు." నలుగురూ నవ్వారు. నవ్వినవాళ్లలో, వాళ్ల ఇంటి పెళ్లిళ్లకు మనం పప్పూ బియ్యం ఇచ్చినవాళ్లున్నారు. నా ఒళ్లు మండిపోయింది. అక్కడ నోరు తెరిస్తే ఆ మాట ఇంకో వీధికి పాకుతుందని పళ్లు బిగపట్టుకుని ఇంటికొచ్చాను.

ఈశ్వరి పొదుపు సంఘం పని మీద ఊళ్లోకి వెళ్లినప్పుడు తన రెండో ఫోను నాకు ఇచ్చి వెళ్లేది. ఎవరైనా నంబరు మారిందనో, కొత్తగా చేర్చమనో వస్తే నేనే ఆకుపచ్చ గుర్తు నొక్కి ఏజెంటుకి నోటితో చెప్పేదాన్ని. చేర్చడం వరకే నీ పని అత్తా అని ఈశ్వరి చెప్పే ఉంది. ఆ రోజు ఆకుపచ్చ గుర్తు నొక్కి, "దేముడమ్మ ఇంటి నంబరు తీసీ. దానికి మన ఫోనక్కర్నేదు" అన్నాను.

"సరేనమ్మా, దేముడమ్మ గారి నంబరు తీసేశాను. ఇంకేమైనా చేయమంటారా?" అంది.

ఇంత వయసొచ్చింది, నా మాటకి అంత తొందరగా సరే అన్న మనిషి లేడు. మీ నాన్నతో మాట్లాడనని ఒట్టేస్తే ఆయన చుట్ట వెలిగించుకుని పెరట్లో కూర్చునేవాడు, నేను మాట్లాడేదాకా. రేపటి నుంచి నాట్లకి రావద్దని నేను తరిమిన మనిషే మర్నాడు అందరికంటే ముందు మడిలో దిగేది. నేను అన్నదాంట్లో ఏది పట్టుకోవాలో, ఏది చెవిన పడనట్టు ఊరుకోవాలో ఈ ఊళ్లో పసివాళ్లకు కూడా తెలుసు. దానికి తెలియదు. అది నన్ను ఎరగదు. నేను మాత్రం నాట్ల గుంపుకి చెప్పినట్టే దానికీ చెప్పాను.

నా కోపం పొయ్యి చల్లారేదాకా కూడా ఉండదని నీకు తెలుసు. మర్నాడే దేముడమ్మకి ఎండుచేపల పులుసు పంపాను. గిన్నె తిరిగి ఇస్తూ రెండు సీతాఫలాలు పెట్టి పంపింది. నంబరు సంగతి నాకు మళ్లీ తలపుకి రాలేదు. ఆసుపత్రి మంచం పక్కన, "నాకు రానేదు అప్పా" అన్నప్పుడు గుర్తొచ్చింది. ఫ్లాస్కు మూత తీస్తూ వేస్తూ నిలబడ్డది అందుకే.

ఇంకొకటి కూడా రాయించాలి. ఏజెంటు జవాబు చూసిన రోజే ఈశ్వరి నన్నడిగింది, "అత్తా, నువ్వేటైనా అన్నావేటి" అని. "నన్నే అడుగుతావేటే" అని కళ్లెర్రజేశాను. తప్పయిపోయింది అత్తా అని తనే నన్ను బతిమాలుకుంది. అప్పటి నుంచి తను పాలగిన్నె చుట్టూ తిరుగుతుంటే చూస్తూ, రోజూ చెబుదామనుకుంటూ, రోజూ మింగుతూ ఉన్నాను. చెబితే డిపో దగ్గర అన్న మాట కూడా చెప్పాలి. ఆ మాట దీని చెవిన పడకూడదని నా పంతం. అలా ఒకదాన్ని దాచబోయి రెండూ దాచాను.

*

పైన ఆగిన చోటుకీ ఇక్కడికీ నడుమ ఒక రోజు గడిచింది. ఏం జరిగిందో అదీ చెబుతాను, రాయమన్నాను.

కలం ఆగిపోయింది. ఈశ్వరి కాగితాలు తన ఒళ్లోకి లాక్కుంది. చివరికి, "ఈ కాయితం పంపొద్దత్తా. కొడుకు ముందర నువ్వు తక్కువైపోతావు. పైదాని వరకు ఉంచి పంపేద్దాం" అంది.

"ఉన్నదంతా పంపు" అన్నాను.

"పంపను."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈశ్వరి నాకు అడ్డం చెప్పడం అదే మొదలు. కోపం రావలసింది నాకు. రాలేదు. నేనేదో అన్నాను, ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి, ఇది ఈవిడకు మంచిదేనా అని ఆలోచించారు. ఆ రోజు ఆకుపచ్చ గుర్తు వెనకాల ఉన్నది అలా ఒక్క క్షణం ఆగి, ఎందుకమ్మా అని అడిగి ఉంటే చాలు. రేషను డిపో సంగతి దాని దగ్గర కక్కేసి, రెండు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని.

ఆ తరువాత వచ్చింది అసలు కోపం, ఈశ్వరికి. దేముడమ్మ అన్న మాటకి కాదు. దానికి ఒకసారి ముక్కుతో నవ్వి వదిలేసింది. "నాకు మతి పోతన్నాదని నీ ఎదురుగానే ఏడిసినాను గదత్తా. అప్పుడైనా సెప్పొచ్చు గదా" అంది. ఒక్కసారే అంది. రాత్రి నాకు కంచం పెట్టింది కానీ పక్కన కూర్చోలేదు. నేను తినలేదని తెలిసి కూడా తినమనలేదు. నీ పెళ్లాం మంచిది నాయనా, మంచివాళ్ల కోపం భరించడం కష్టం.

పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చుని నన్ను పిలిచింది. ఆ ఫోనులోంచి నేను చెప్పినవీ తను చెప్పినవీ అన్నీ కలిసి ఒకే పేరు మీద ఉన్నాయి. గొంతులు లేవు, రాతలే. దాని లెక్కలో చెప్పేది ఒక్క మనిషే. ఒక్కోటి చదివి, "ఇది నువ్వా, నానా" అని అడుగుతూ వచ్చింది. నేను ఎప్పుడేమన్నానో నాకేం గుర్తు.

ఒక దగ్గర తను చదవడం ఆపింది. తరువాత మెల్లగా చదివింది. "పొద్దు వాలినాక నా ఫోను మోగించకు."

అది నేనే. ఒక సాయంత్రం గంజి పొంగుతున్న వేళ మాటిమాటికీ ఫోను మోగుతుంటే విసుక్కుని అన్నాను. ఆ ఒక్క పూటకి అన్నాను. అది ఎల్లకాలానికి పట్టుకుంది. ఈశ్వరి ఇంట్లో ఉన్నంతకాలం మాకు తేడా తెలియలేదు, తన దగ్గర తెర మీద కనబడుతుంది కనుక. ఈ మధ్య ఈశ్వరి ఆసుపత్రిలో ఉన్న సాయంత్రాలు నేనూ చిన్నతల్లీ ఇద్దరమే. నా దగ్గరున్న ఆ ఫోను మోగడం లేదు కదా, గుంపు కొండెక్కేసిందనుకున్నాను. పిల్లను వెంటబెట్టుకుని చీకట్లో గడ్డిమేటు దాకా వెళ్లి గేదెకు మేత వేసి వచ్చాను. ఒక్కరోజు కాదు. ఈశ్వరి దేవేంద్ర పంపినవి తీసి చూసింది. అందులో ఒక సాయంత్రం గుంపు ఉన్నది మన గడ్డిమేటు వెనకాలే.

ఈశ్వరి లేచి వెళ్లి, నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చుని దాని పాదం చేత్తో పట్టుకుంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. లోపలికి వెళ్లే ధైర్యం లేకపోయింది.

ఇదీ నాయనా జరిగింది. పని తప్పు కాదు, ఈశ్వరి తప్పు కాదు. నోటికొచ్చింది అనే అలవాటున్న నాకు, అన్నదల్లా చేసేసేది ఎదురుపడింది. ఆపేయమని నువ్వు రాయకు. ఈశ్వరి ఇప్పుడు మళ్లీ ఏజెంట్లతో కూర్చుని కొత్త కట్టుబాట్లు చెబుతోంది. ఎవరి నంబరూ ఒకరి మాట మీద తీయకూడదు. తీయమంటే ముందు ఆ ఇంటికే ఫోను చేసి, మిమ్మల్ని తీసేయమంటున్నారు, ఎందుకో తెలుసా అని అడగాలి. ఇంటివాళ్లు ఒప్పుకున్నాక ఈశ్వరి కళ్లతో చూడాలి. నా మాట అసలు వినొద్దని చెప్పమన్నాను. "నీ మాట వినకపోతే ఊరోల్లు ఎవులి మాటింతారత్తా. వింటాది. ఎందుకని అడుగుతాది" అంది. నాతో పెదవి కదిపింది, నాకు అంతే చాలు.

ఊళ్లో జగ్గమ్మతో మొదలుపెట్టి ప్రతి గడపకీ వెళ్లి, తీసింది నేనని చెప్పాను. కొందరు నమ్మలేదు, కోడలిని కాచుకుంటున్నానన్నారు. కొందరు నమ్మి తలుపేసుకున్నారు. ఆదివారం ఈశ్వరి ఆపబోదు. నువ్వు తనకి విడిగా ఒక కాగితం రాయి. మెచ్చుకోనక్కర్లేదు, ఎలా ఉన్నావు అని అడుగు. పోయిన ఉత్తరంలో అది అడగలేదు నువ్వు. పిల్లనీ, నన్నూ, వరినీ అడిగావు.

ఇంక ఒక్క గడప మిగిలింది. దేముడమ్మకి ఇంకా తెలియదు. ఈ ఉత్తరం టపాలో పడేసి, మొదటి బస్సుకి ఆసుపత్రికి వెళుతున్నాను. తోడు రానా అని ఈశ్వరి అడిగింది, వద్దన్నాను. తిడితే పడతాను, చెంబు విసిరితే నిలబడతాను. జుట్టు పట్టుకున్నా వదిలించుకోను. ఏనుగులు మన గడ్డిమేటు వెనకాల ఉన్నాయని తెలిసినప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు. నా భయమల్లా, చివరి వరకూ విని, నా చెయ్యి పట్టుకుని, "పోనీలే అప్పా" అంటుందేమోనని.

మేజోళ్లు మరిచిపోకు.

ఇట్లు,
నీ మంచి కోరే అమ్మ
గురమ్మ, వేలిముద్ర.
(అత్త చెప్పింది ఒక్క ముక్క తీయకుండా రాశాను. ఈశ్వరి.)